మంచం కిందికి పోతదా

మా బాపు ఏ వస్తువునూ ఊరికే కొన్న మనిషి కాడు. ప్రెషర్ కుక్కర్ కొనడానికి ఆయనకు ఏడు నెలలు పట్టింది. ఆలోపల పక్కింట్లో మేము ఖాలా అని పిలిచే ముస్లిం పిన్నమ్మ వాళ్లు ఒక కుక్కర్ కొని, వాడి, దాని రబ్బరు పాడు చేసుకుని, కొత్త రబ్బరు కూడా వేయించుకున్నారు. ఎవరైనా తొందరపెడితే బాపు "నిదానమే ప్రధానం" అనేవాడు. ఆ ఏడు నెలలూ పప్పు ఉడికేదాకా స్టవ్వు ముందు కూర్చున్నది అమ్మ కాబట్టి, ఆయనకు నిదానం వల్ల పెద్దగా నష్టమేమీ కలగలేదు.

ఆయన ఆఫీసులో గుమస్తా. అక్కడ వాడకుండా మిగిలిపోయిన పొడుగు రిజిస్టరు ఒకటి ఇంట్లో ఉండేది. కొనదలచిన ప్రతి వస్తువుకూ అందులో ఒక పేజీ. నడుమ గీత కొట్టి ఎడమ పక్క "మంచి" అనీ, కుడి పక్క "చెడ్డ" అనీ రాసేవాడు. మామూలుగా కుడి పక్క ముందు నిండేది.

తొంభైల నడుమ, నేను పదో తరగతి చదివే ఏడాది, ఆ రిజిస్టరులో "ఇల్లు ఊడ్చుట, తుడుచుట" అనే పేజీ మొదలైంది. దానికి కారణం అమ్మ మోకాళ్లు.

మా ఇల్లు నల్లగొండలో, గుట్ట కింది వీధిలో ఉండేది. నాలుగు గదులు, నేలంతా షాబాద్ బండలు. దుమ్ము ఎటూ వచ్చేదే, దాని మీద మాకు పెద్ద కోపం లేదు. అసలు చిక్కు నీళ్లతో వచ్చేది. మా బోరు నీళ్లతో బండలు తుడిస్తే, ఆరిన తర్వాత సున్నం చల్లినట్టు తెల్లటి మరకలు తేలేవి. అందుకని అమ్మ ఇల్లంతా రెండుసార్లు తుడిచేది. ముందు తడి బట్టతో, అది ఆరకముందే గట్టిగా పిండిన బట్టతో. రెండుసార్లూ గొంతుక్కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ, మంచాల కింద, బీరువా కింద, బియ్యం డ్రమ్ము వెనక, ఏ మూలనూ వదలకుండా.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. చిన్ననాటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్లే ఎముకలకు పట్టాయన్నాడు. ఇక మీదట గొంతుక్కూర్చునే పని మానకపోతే రెండేళ్లలో మంచం పడతావని కూడా చెప్పాడు. అమ్మ మర్యాదగా విన్నది. ఇంటికి వచ్చి, తను లేని రెండు గంటల్లో ఇల్లు ఎంత పాడైందో చూసి, చీపురు అందుకుంది.

నాకు నిజంగానే భయం వేసింది. కానీ అందులో సగం అమ్మ మంచం పడుతుందని, సగం ఆమె చీపురు నా చేతికి వస్తుందని. ఆడపిల్లను నేనొక్కదాన్నే. అప్పటిదాకా పరీక్షలని చెప్పి తప్పించుకుంటున్నాను. అందువల్ల ఇంట్లోకి ఏదో ఒక ఏర్పాటు రావాలని అందరికన్నా ఎక్కువ కోరుకున్నది నేనే. తల్లి మీద ఎంత ప్రేమో అని ఖాలా మెచ్చుకుంది. నేను కాదనలేదు.

బాపు మొదట పనిమనిషిని పెట్టి చూశాడు. వచ్చినామె పని చూడటానికి అమ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె వెళ్లాక వంగి బీరువా కింద వేలు పెట్టి చూసేది. నాలుగో రోజుకు ఆమె మానేసింది. రెండో ఆమె మూడో రోజుకే మానేసింది. "మనిషి మంచిదే. మంచం కిందికి పోదు" అని అమ్మ ఇద్దరి గురించీ ఒకే మాట చెప్పింది. బాపు దాన్ని కుడి పక్క రాసుకున్నాడు.

తర్వాత హైదరాబాదు నుంచి పొడుగు కర్రకు దారాల కుచ్చు కట్టిన తుడుపు కర్ర తెచ్చాడు. నిలబడే తుడవొచ్చు. బాగానే ఉంది కానీ, ఆ కుచ్చును పిండాలంటే మళ్లీ బకెట్టు ముందు గొంతుక్కూర్చోవాలి. గట్టిగా పిండకపోతే తెల్ల మరకలు. అమ్మ దాన్ని రెండు రోజులు వాడి, బూజు దులపడానికి బాగుంటుందని తలుపు వెనక పెట్టింది.

అప్పుడు బాపు ఆఫీసులో ఎవరో దుమ్ము గుంజే మిషను సంగతి చెప్పారు. కంపెనీ మనిషే ఇంటికి వచ్చి, ఉచితంగా ఆడించి చూపిస్తాడట. నచ్చితేనే కొనొచ్చు. ఉచితంగా చూపించడం అన్నది ఎడమ పక్క మొదటి వరుసలో పడింది. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"మంచం కిందికి పోతదా?"

పోతదట అన్నాడు బాపు. దానికి ఏనుగు తొండం లాంటి గొట్టం ఉంటుందట. ఆదివారం పొద్దున పది గంటలకు రమ్మని కబురు పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పరుపులన్నీ మిద్దె మీద ఎండకు వేసింది. గోడలకు బూజు దులిపింది. బీరువాను నాలుగు జానలు ముందుకు జరిపి దాని వెనక తుడిచింది. దాన్ని ఒక్కతే ఎలా జరిపిందో నాకు ఇప్పటికీ తెలియదు. మిషనుకు దుమ్ము ఉండాలి కదా అమ్మా అన్నాను. ఆమె నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"పట్నం నుంచి కొత్త మనిషి వస్తుంటే మన దుమ్ము చూపించుకుంటమా? ఇల్లు జూసి ఇల్లాలిని జూడమన్నరు."

నేను పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లాను. ఆదివారం తెల్లవారకముందే మళ్లీ నీళ్ల చప్పుడు, బట్ట పిండే చప్పుడు వినబడ్డాయి. మెలకువగానే ఉన్నాను. లేచి ఒక గది తుడిచి ఉంటే అయిపోయేది. లేవలేదు. ఇది తలచుకుంటే నాకు ఇవాళ్టికీ సిగ్గుగా ఉంటుంది.

సరిగ్గా పదికి కంపెనీ మనిషి వచ్చాడు. నలభై దాటిన మనిషి. మార్చి నెల ఎండలో మెడకు టై, చేతిలో ఇనప్పెట్టె అంత అట్టపెట్టె. టీ ఇచ్చారు. ఆయన మిషనును బిగించి, గొట్టం మూతికి తెల్లటి గుడ్డ చుట్టాడు. కంటికి కనబడని దుమ్ము కూడా ఈ గుడ్డ మీద నల్లగా పడుతుందని, చూస్తే మీకే భయం వేస్తుందని చెప్పాడు. ఆ మాట ఆయన చాలా ఇళ్లలో చెప్పినట్టుంది, ఎక్కడా ఆగలేదు.

మిషను మోగింది. హాలంతా తిప్పి, ఆపి, గుడ్డ విప్పి మా ముందు పరిచాడు. తెల్లగా ఉంది.

మంచం కింద పెట్టాడు. తెల్లగా ఉంది. బియ్యం డ్రమ్ము వెనక పెట్టాడు. పరుపు మీద పెట్టాడు. చివరికి కుర్చీ అడిగి, ఎక్కి, బీరువా నెత్తి మీద పెట్టాడు. అదే గుడ్డ, అదే తెలుపు. టై వదులు చేసుకున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను మా మేనమామ పెళ్లిలో కూడా చూడలేదు. బాపు రిజిస్టరు తెరిచి, కుడి పక్క "దుమ్ము తీయదు" అని రాశాడు.

అది చూసి కంపెనీ మనిషి పౌరుషానికి పోయాడు. ఒక్క నిమిషం అని బయటికి వెళ్లి, వీధిలోంచి రెండు దోసిళ్ల మన్ను తెచ్చి హాలు నడుమ పోశాడు. పోసి, కాలితో నాలుగు పక్కలా పరిచాడు.

ఇంట్లో మన్ను పోయడమన్నది మా వైపు తిట్టు. అది కూడా బాగా కోపం వచ్చినప్పుడే తిట్టేది. నిజంగా పోయగా చూడటం అదే మొదలు.

"ఇప్పుడు చూడండమ్మా" అని ఆయన మీట నొక్కాడు. కరెంటు పోయింది.

ఆ వేసవిలో రోజూ పదకొండు నుంచి ఒంటి గంట దాకా కరెంటు కోత. కంపెనీ మనిషికి తెలియదు. బాపుకు తెలుసు. ముందే చెబితే ఏమయ్యేదని ఆయన్ను తర్వాత అడిగాను. కరెంటు లేనప్పుడు మిషను ఏం చేస్తుందో కూడా చూడాలి కదా అన్నాడు.

అది ఏమీ చేయలేదు. కంపెనీ మనిషి పది నిమిషాలు గడియారం చూసుకున్నాడు. పన్నెండింటికి మిర్యాలగూడలో ఇంకో ఇల్లు ఉందని, బస్సు దొరకదని, పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. మన్ను సంగతి మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో తెలియదు.

అమ్మకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. మనిషి గడప దాటి పోగానే వెనక ఇల్లు ఊడ్వకూడదు. చనిపోయిన వాళ్లను తీసుకెళ్లాకే అలా ఊడుస్తారు. అంటే ఈయన మిర్యాలగూడ చేరేదాకా ఆ మన్ను హాలులో ఉండాలి. ఊడిస్తే ఆయన ఇక్కడ ఉండగానే ఊడ్వాలి. అమ్మ వంటింట్లోకి వెళ్లి చీపురు, చాట తెచ్చింది. ఎవరూ వద్దనే లోపల గొంతుక్కూర్చుని నాలుగు పట్లు ఊడ్చింది. ఐదో పట్టుకు ఆగింది.

లేవబోయింది. లేవలేకపోయింది. చేయి నేలకు ఆనించి మళ్లీ ప్రయత్నించింది. రెండు రోజులుగా పడిన శ్రమంతా ఆ మోకాళ్లలో ఉంది. ఆమె అరవలేదు, ఏడవలేదు. తల వంచుకుని ఆ మన్నును చూస్తూ కూర్చుంది. డాక్టరు చెప్పిన రెండేళ్లు అయిపోయాయనుకున్నాను.

బాపు రిజిస్టరు పక్కన పెట్టి లేచాడు. నేనో చేయి, ఆయనో చేయి పట్టి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాం. ఆమె చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది. బాపు దాన్ని మెల్లగా తీసుకున్నాడు.

"ఇడువుండ్రి. పరాయి మనిషి ముందట" అన్నది అమ్మ.

"ఉండనీ. నువ్వు కూసో" అన్నాడు బాపు.

మా బాపు చీపురు పట్టగా నేను అంతకుముందు చూడలేదు. ఆయనకు రానే రాదు. ముందుకు నడుస్తూ ఊడ్చి, ఊడ్చిన చోటే కాలు పెట్టి, మన్నును మూల దాకా తీసుకుపోయి మళ్లీ తెచ్చాడు. కంపెనీ మనిషి కొంతసేపు చూసి, టైని భుజం మీదికి వేసుకుని, వంగి చాట పట్టాడు. ఇద్దరూ కలిసి పూర్తి చేశారు. అదయ్యాకే అమ్మ ఆయన్ను గడప దాటనిచ్చింది. వెళ్తూ వెళ్తూ ఆయన, ఇన్నేళ్లలో తన గుడ్డ తెల్లగా ఉండటం ఈ ఒక్క ఇంట్లోనే చూశానని చెప్పాడు. అమ్మ ఆ మాటను ఆ ఎండాకాలమంతా దాచుకుని, వచ్చిన వాళ్లందరికీ చెప్పింది.

మిషను కొనలేదు. అమ్మ ఇరవై రోజులు మంచం మీదే ఉండి, తర్వాత లేచి నడిచింది. నేలకు మాత్రం మళ్లీ కూర్చోలేదు. మరునాటి నుంచే బాపు పొద్దున్నే, పాలతను రాకముందే, వీధి తలుపు గొళ్లెం వేసి ఇల్లు ఊడ్చేవాడు. తలుపు వెనక నుంచి ఆ తుడుపు కర్రను తీసి, కుచ్చు తనే పిండి, తుడిచేవాడు. గొళ్లెం వేసినా లాభం లేకపోయింది. పక్కింటి ఖాలా గోడ మీద నుంచి చూసి, తన భర్తను కూడా పిలిచి చూపించింది. ఆయన మా బాపుతో మాట్లాడటం బాగా తగ్గించాడు.

నాకు గండం గడిచిందనే అనుకున్నాను. ఒక రోజు దేనికో రిజిస్టరు తీస్తే ఆ పేజీ కనబడింది. పనిమనిషి, కర్ర, మిషను, అన్నిటి కిందా బాపు కొత్తగా ఒక వరుస రాసుకున్నాడు. దాని ముందు "నేను" అని ఉంది. ఎడమ పక్క, కరెంటు అక్కర లేదు, ఉచితం, మంచం కిందికి పోతుంది అని రాశాడు. కుడి పక్క ఖాళీగా ఉంది. ఆ రిజిస్టరులో కుడి పక్క ఖాళీగా ఉన్న వరుస అదొక్కటే.

అమ్మకు చదువు రాదు. నవ్వు ఆపుకుని చదివి వినిపించాను. అప్పటికి రెండు నెలలుగా మా మంచాల కింద దుమ్ము ఉండలు కట్టి, ఫ్యాను వేస్తే అటూ ఇటూ కదులుతోంది. బీరువా కింద వేలు పెట్టి ఇద్దరు పనివాళ్లను పంపించిన మనిషి, రోజూ ఆ కుర్చీలో కూర్చుని అదంతా చూస్తూనే ఉంది. నేను చదవడం అయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఉండనీ బిడ్డా. బాపు ఆఫీసుకు పోయినంక మంచం కింద నువ్వు తుడువు. ఆయనకు తెల్వనియ్యకు."

నేను పెళ్లయి వెళ్లేదాకా రోజూ తుడిచాను. ఆయనకు తెలియదు.