పద్దెనిమిది జానల గోడ

మా పిన్ని వృత్తి శిక్షణ కేంద్రంలో వడ్రంగం నేర్పుతుంది. పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు జానమ్మ. చేరిన మొదటి రోజే ఒక్కొక్కరి చేతా వేళ్లు బార్లా చాపించి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎన్ని సెంటీమీటర్లో వాళ్ల పనిముట్ల పెట్టె మూత మీద రాయిస్తుంది. ఆ తరవాత రోజూ ఒక గంట జానలతో కొలతే. బల్ల, తలుపు, కిటికీ, ఒకసారి పాపం కునుకు తీస్తున్న కాపలాదారు.

అక్కడే నేను కంప్యూటర్ మీద నమూనాలు గీయడం నేర్పుతాను. ఈ ఏడు లేజర్ కొలత యంత్రాలు వచ్చాయి. మీట నొక్కితే చాలు, ఎదుటి గోడ ఎంత దూరమో అంకె పడుతుంది. ఇక జానలెందుకని, ప్రిన్సిపాల్ గారు పిన్ని గంట తీసి నాకిద్దామనుకున్నారు. శుక్రవారం గ్రంథాలయంలో గోడ నుంచి గోడకు బిగించే అలమర పని చూశాక తేలుస్తానన్నారు. నాకు లోపల సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు? పిన్ని ముఖం చూస్తే మాత్రం అన్నం సహించలేదు.

అలాగని ఆవిడ యంత్రం మీద అలగలేదు. వారమంతా దాన్ని చేతిలోంచి దించకుండా, ఉన్న మీటలన్నీ నొక్కి చూసింది.

శుక్రవారం ఈ గోడ నుంచి ఆ గోడకు పిన్నే యంత్రంతో కొలిచింది. "మూడువందల పన్నెండు," అంటూ చెక్క మీద గీత గీసి రంపం అందుకుంది.

ఎప్పుడూ మూగనోము పట్టినట్టుండే పిల్ల ఒకతె ముందుకొచ్చింది. "కొయ్యకండి టీచర్. నాకు పద్దెనిమిది జానలొచ్చాయి. నా జాన పద్దెనిమిది సెంటీమీటర్లు. మూడువందల ఇరవైనాలుగు అవ్వాలి కదా."

"యంత్రం తప్పు చెప్తుందా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఏమో సార్. నేను రెండుసార్లు కొలిచాను."

యంత్రం తీసుకుని చూశాను. గోడకు ఆనించేది దాని తోక. కొలత కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. పిన్ని ఏ మీట నొక్కిందో గాని, తల నుంచి మొదలవుతోంది. యంత్రం పొడుగు పన్నెండు సెంటీమీటర్లూ లెక్కలోంచి ఎగిరిపోయాయి.

పిన్ని నాలుక కరుచుకుంది. ఆపైన నవ్వు మొదలుపెడితే ఆగలేదు. "నా తప్పు నా పాఠమే పట్టేసిందే," అంటూ ఆ పిల్లను దగ్గరకు లాక్కుంది. తన గంట పోతుందన్న సంగతే మరిచిపోయింది. నాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ గంట నాకొద్దు సార్," అన్నాను. "ఇద్దరం కలిసి చెప్తాం. ముందు చెయ్యి, తరవాత యంత్రం."

ప్రిన్సిపాల్ గారు బల్ల మీది రంపపు పొట్టు పక్కకు తోసి, వేళ్లు చాపి చెయ్యి ఆనించారు.

"జానమ్మ గారూ, నాదెంతో చూడండి."