చల్లారాక కొలిచిన చిప్‌లు

చిప్‌లకు ముసలితనం తెప్పించడం నా ఉద్యోగం. ఎవరడిగినా ఇలాగే చెప్తాను, నవ్వుతారు. కొత్త చిప్ చురుగ్గా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది. హనుమకొండలోని మా చిన్న ల్యాబ్‌లో కొన్నింటిని ఓవెన్‌లో పెట్టి, వోల్టేజీ పెంచి, ఏళ్ల ముసలితనాన్ని వారాల్లో తెప్పిస్తాం. అవి ఎంత నెమ్మదించాయో చూసి, అమ్మబోయే ప్రతి చిప్‌కూ అంత అదనపు వేగం ఉండాలని నియమం పెడతాం. ఆ అదనాన్నే మార్జిన్ అంటాం. అది లేని చిప్ ఇవాళ బాగా నడిచినా నమ్మడానికి లేదు. ముందుంది ముసళ్ళ పండుగ.

నాకు పని నేర్పింది మా సీనియర్. అన్నా అని పిలిచేదాన్ని. ఓవెన్‌లోంచి ట్రే తీసి బల్ల మీద పెట్టి, "జర సల్లారనియ్యి చెల్లె, ఛాయ్ తాగొద్దాం పా" అనేవాడు. వేడి వస్తువును వెంటనే ముట్టొద్దని మా ఇళ్లలో నేర్పిందే కాబట్టి నాకూ అనుమానం రాలేదు. తిరిగొచ్చాకే కొలిచేవాళ్లం. అలా కొలిచిన లెక్కతోనే, దవాఖానల్లో ఊపిరి మిషన్లకు వెళ్లే చిప్‌ల మార్జిన్ ఖరారైంది. మొదటి విడత వెళ్లిపోయింది కూడా.

ఒకరోజు అన్న సెలవు పెట్టాడు. బయట వాన. ఛాయ్‌కు పోబుద్ధి కాక, ట్రే తీసిన వెంటనే కొలిచాను. చిప్‌లు మరీ నెమ్మదిగా ఉన్నాయి. కాసేపాగి మళ్లీ కొలిస్తే చాలావరకు కోలుకున్నాయి. కరెంటు తీసి వదిలేస్తే చిప్ కొంత తేరుకుంటుంది. మేం ఇన్నాళ్లూ కొలిచింది అలా తేరుకున్న చిప్‌లను. అంటే మేం పెట్టిన మార్జిన్ చాలదు.

మర్నాడు అన్నకు చూపించాను. ఆయన కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అన్నది ఈ మార్జిన్ లెక్కల రిపోర్టు మీదే ఉందని ఇద్దరికీ తెలుసు.

"ఊపిరి మిషన్ గూడ మధ్యమధ్యల బందైతది గద చెల్లె, గప్పుడు కోలుకుంటది. ఫికర్ చెయ్యకు."

"ఐసీయూల పేషెంటుకు పెట్టిన మిషన్ ఎప్పుడు బంద్ చేస్తరన్నా?" నా నోరు మంచిది కాదు, గట్టిగానే అన్నాను.

ఆయన వెంటనే బెంగళూరులో ఉన్న మేనేజర్‌కు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, తప్పు తనదేనని చెప్పాడు. ఇకపై తయారయ్యే వాటికి మార్జిన్ పెంచమన్నాడు మేనేజర్.

"మరి పోయినయి వాపస్ తెప్పిస్తరా సార్?" అన్న అడిగాడు.

"ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయిగా" అని మేనేజర్ ఫోన్ పెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అన్న కాంట్రాక్టు పొడిగించలేదు. చిప్‌లు కొన్నవాళ్లకు నేనే రాశాను, జవాబు రాలేదు. పైగా అది నీ పని కాదని మాటలు పడ్డాను.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. మొన్న మా పక్కింటి అక్క భర్తను దవాఖానలో చేర్చారు. నేను వెళ్లేసరికి అక్క ఐసీయూ గాజు తలుపు దగ్గర కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. లోపల ఆయన నోట్లో గొట్టం, పక్కనే మిషన్. అక్కకు ధైర్యం చెప్పాల్సినదాన్ని, బయటికొచ్చిన నర్సును పట్టుకుని ఆ మిషన్ ఎప్పుడు కొన్నారని అడిగాను.

"కొన్నేండ్లాయె మేడం. మస్తు మంచి మిషన్. వచ్చినకాడికెల్లి ఒక్కపూట గూడ బంద్ పెట్టలే" అంది.

"దేవునికి స్తోత్రం" అంటూ అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెన్ అనాలి. నాకు నోరు రాలేదు.