అవునండి అంటే విన్నామని

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీది నా ఈడు ఆవిడ ఒకరు ఫోను నా కళ్ళజోడు ముందుకి తెచ్చి, "చూశారా వదినగారూ, కరెంటు రేట్లు పెంచేటప్పుడు మనందరి తరఫునా మాట్లాడ్డానికి ఒక మనిషిని పెట్టారంటండి, ఈవిడేనంట" అంటూ ఒక ఫొటో చూపించింది. శాలువా కప్పుకుని నవ్వుతున్న ఆ మనిషి మా తోడికోడలు, బాపట్లలో ఉండే మా బావగారి భార్య. ఈ వయసులో ఇంకా ఏం అసూయ అనుకుంటారేమో, నా తోటివాళ్ళు కాబట్టి మీ దగ్గర దాచను, నాకు ఒళ్ళు భగ్గున మండింది.

ఒకప్పుడు మాకు రేపల్లెలో పిండిమర ఉండేది. మావారు మర దగ్గర, నేను తూకం దగ్గర. పండగల ముందు బియ్యప్పిండికీ, ఎండాకాలం మిరపకాయలకీ గుమ్మం దాకా జనం నిలబడేవాళ్ళు, తుమ్ములతోనే కబుర్లు సాగేవి. అలాంటప్పుడు ఒక ఏడు, పిండిమరల్ని చిన్న పరిశ్రమల రేటులోంచి తీసి దుకాణాల రేటులో వెయ్యాలని కరెంటు వాళ్ళు రేట్లు ఖరారు చేసే నియంత్రణ మండలిని అడిగారు. అదే జరిగితే మా మరకి తాళం పడినట్టే. మండలివాళ్ళు తెనాలి వచ్చి జనం మాట కూడా వింటారని తెలిసి మేమిద్దరం బండెక్కాం, మా తోడికోడలు తోడుగా బాపట్ల నుంచి వచ్చింది. ఆవిడకి మరా లేదు, మిల్లూ లేదు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చీరలో ఫెళఫెళలాడుతూ దిగింది, నేను ఎంత దులుపుకున్నా నా కుచ్చిళ్ళలో పిండే.

మావారు మెత్తని మనిషి. విచారణ హాల్లో కరెంటు వాళ్ళ తరఫున ఎక్కడి నుంచో వచ్చిన ప్లీడరుగారు, ఖర్చులు పెరిగాయి కదా అంటే ఈయన అవునండి అన్నారు, మర కూడా వ్యాపారమే కదా అంటే అవునండి అన్నారు, మరి వ్యాపారపు రేటు వెయ్యడమే న్యాయం కదా అంటే చేతులు కట్టుకుని మళ్ళీ అవునండి అన్నారు. పెద్దమనిషి మాట్లాడుతుంటే ఆ మాత్రం ఊఁ కొట్టకపోతే మా వైపు మర్యాద కాదు. ప్లీడరుగారు వెంటనే మండలి వైపు తిరిగి, మరలవాళ్ళకి అభ్యంతరం లేదని రాసుకోమన్నారు. చెప్పాల్సిన మాట నా నాలుక చివరే ఉంది, నోరు మాత్రం పెగల్లేదు. ఇంతలో నా పక్కనుంచే, ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే మా తోడికోడలి గొంతు, మైకు అక్కర్లేని గొంతు, లేచింది.

"అయ్యా, మా వైపు అవునండి అంటే మీ మాట విన్నామని. ఒప్పుకున్నామని కాదండి."

హాలంతా నవ్వింది. మండలి పెద్దాయన కూడా నవ్వి, మావారినే సూటిగా అడిగాడు. ఈయన జన్మలో మొదటిసారి గట్టిగా "లేదండి, ఒప్పుకోవట్లేదండి" అన్నారు. మా రేటు మారలేదు, మర ఆగలేదు.

కృతజ్ఞత ఉండాల్సిన చోటే నాకు కుళ్ళు మొదలైంది. పిండికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ కథే నాకు తిరిగి చెప్పేవాళ్ళు, మావారైతే వదినగారు వదినగారు అంటూ ఒకటే జపం. అంతకంటే మంట ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం ఇదే ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, వాళ్ళకి ప్లీడరున్నట్టు మనకీ ఎప్పుడూ ఉండే మనిషి ఒకరుంటే బాగుండు అన్నది నేను. నేను అనేసి ఇంటికొచ్చి మిరపకాయలు ఆడించుకున్నాను. ఆవిడ ఆ మాట పట్టుకుని, పేరాల ఊరి మగ్గాలవాళ్ళకైనా మా మరలవాళ్ళకైనా, ఎక్కడ విచారణ ఉంటే అక్కడికి బస్సెక్కి వెళ్ళి, ఏళ్ళ తరబడి అదే అడిగింది, చివరికి ఆ మనిషి ఆవిడే అయింది. తిరిగింది ఆవిడేనని నాకు తెలుసు, తెలిసినందువల్ల మంటేమీ తగ్గలేదు.

ఇప్పుడు మర లేదు, పిండి ప్యాకెట్లలో వస్తోంది. మావారూ లేరు. ఇంట్లో పిల్లలకి ఏం చెప్పినా ఓకే అంటారు, అది విన్నట్టో, ఒప్పుకున్నట్టో, అసలు విననే లేదో నాకు తెలియదు. చేతులు కట్టుకుని, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా అవునండి అనే మనిషి ఎక్కడైనా కనిపిస్తారేమోనని చూస్తుంటాను. ఆ మెత్తదనాన్ని కాపాడ్డానికే కదా ఆవిడ ఆ రోజు లేచింది, నేను లేవాల్సింది.

బండి వస్తోందని అందరూ లేచారు. పక్కావిడ ఫోను సంచిలో పెట్టుకుంటూ, "చాలా గొప్ప మనిషంటండి ఈవిడ" అంది. మా తోడికోడలేనని చెప్పబోయి ఆగాను.

"అవునండి" అన్నాను.

విన్నానని.