పైనుంచి సముద్రం

అంతర్వేది తోటల్లో పోతురాజు కొబ్బరి దింపు తీస్తాడు. కింద కాయలు పోగేసేది భార్య పద్మశ్రీ. పెళ్ళయి పాతికేళ్ళయిందని, ఆమెను రెండు రోజులు విశాఖలో పెద్ద హోటల్లో ఉంచాలనుకున్నాడు. కష్టజీవికి విలాసాలెందుకనే నీతిమంతులు ముందు ఒక్క చెట్టెక్కి చూడాలి.

కూతురు అనిత ఫోన్లో గదులు చూపించింది. "పదో అంతస్తు బాగుంది నాన్నా. సముద్రమంతా కనిపిస్తుంది."

"రోజూ నలభై చెట్లెక్కుతున్నానమ్మా. అక్కడా పైకేనా? కింద గది చూడు."

పద్మశ్రీ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "మీకేమండీ, పైనుంచి సముద్రం రోజూ చూస్తారు. నేను కింద నిలబడి, ఎక్కడ జారతారోనని మిమ్మల్నే చూస్తున్నాను."

పోతురాజు కూతురి పక్కకు జరిగేడు.

"ఇంకా పైన గదులేమన్నా ఉన్నాయేమో చూడమ్మా."