ముగ్గుపిండిలో తేలిన పగులు

నిన్న ధర్మవరం రోడ్డు మీద మా బావ కారు నన్ను దాటిపోయింది. అక్క కిటికీలోంచి చేయి ఊపింది. ఆ కారు గురించి ఊళ్లో చాలా కథలున్నాయి కనుక ముందు నిజాన్నీ వినికిడినీ వేరు చేస్తాను. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలను బావ తన రేకుల షెడ్డులో తానే జోడించాడన్నది నిజం. ఇంజను సీట్ల వెనక ఉంటుందన్నది నేను కళ్లారా చూసినది. పుట్టపర్తి బస్సును ఎత్తు ఎక్కేచోట దాటేసిందన్నది మాత్రం బావ మాట, సాక్షి ఆయనొక్కడే.

గేర్లను మూసి ఉంచే అల్యూమినియం కేసింగ్ రెండుసార్లు పగిలిందన్నదీ నిజమే. రెండోసారి నూనె కారి వాకిలి నల్లబడ్డాక అక్క తేల్చి చెప్పింది: “ఇంగొకటి పగిలితే కారు పాతసామాన్లకు పోతాది. నువ్వూ దాంట్లోనే కూచోని పో.” బావ ఏళ్ల కష్టమంతా మూడో కేసింగ్ మీద నిలిచింది. అందుకే, భౌతికశాస్త్రం బోధించి రిటైరైన నన్ను పిలిపించాడు.

“రాయి తగిలింది బామ్మర్దీ. ముదిగుబ్బ రోడ్డు సంగతి నీకు తెల్దా?” అన్నాడు, పగిలిన రెండో కేసింగ్ చూపిస్తూ. రాయి తగిలితే బయట నొక్కు ఉండాలి, లేదు. నేను పోత పోసేటప్పటి లోపాన్ని అనుమానించాను. విరిగిన అంచులో బుడగల గుంటలు కనబడలేదు. పైగా ఆ అంచు సగం నూనె పట్టి నల్లగా, సగం కొత్తగా మెరుస్తూ ఉంది. అంటే ఒక్క దెబ్బకు కాక, నెమ్మదిగా పగిలిందన్నమాట. మొదలెక్కడో కంటికి తెలియలేదు. కిరోసిన్ పూసి, శుభ్రంగా తుడిచి, అక్క ముగ్గుపిండి చల్లాను. పగుల్లో దాగిన కిరోసిన్ పైకి ఊరి, పిండిలో వెంట్రుకంత తడిగీత తేలింది. అది చట్రానికి బిగించే బోల్టు రంధ్రం దాకా పోయింది.

“ఇక్కడ రబ్బర్లుండాలే?” అని బావను అడిగాను.

“మొదటిది పగిలినాక తీసేసినా. గట్టిగుండాలని ఇనప బిళ్లలేసినా.”

“ఆ పొద్దు నుంచే అది నా ఈపును తంతాండాది. చెప్తే వింటివా?” అంది అక్క గడపలోంచి.

గుంతల్లో చట్రం మెలితిరిగినప్పుడల్లా రబ్బరు ఓర్చుకోవలసిన మెలిని కేసింగ్ ఓర్చుకుంది. అయితే అనుమానం రుజువు కాదు. రబ్బర్లు వేయించి, కొత్త కేసింగ్ బిగించి, చెనక్కాయలు విత్తే రోజుల నుంచి పీకే కాలం దాకా అదే ముదిగుబ్బ రోడ్డు మీద తిప్పించి, మళ్లీ కిరోసిన్ పూసి తుడిచి పిండి చల్లాను. తెల్లగానే ఉండిపోయింది. బావ వంగి ఆ పిండిని మరోసారి వేలితో తడిమి చూశాడు. అక్క మాత్రం “మిగిలిన పిండి ఇయ్యి” అని చేయి చాపింది.

ఒక్క ప్రశ్న మిగిలింది. రబ్బర్లు ఉండగానే పగిలిన మొదటి కేసింగ్‌ను నిజంగా రాయే పగలగొట్టిందా? నేను చూడకముందే అది పాతసామాన్లకు వెళ్లి కరిగిపోయింది. ఈపాటికి ఎవరింటనో అన్నం గిన్నె అయి ఉంటుంది. కాలం సాక్ష్యాన్ని అలా వంటింటికి పంపేశాక, ఆ రాయి సంగతి బావ చెప్పినప్పుడల్లా నేను అవుననను, కాదననూ లేను.