పొగడటం మానేసిన మైకాయన

మార్కాపురంలో వలి బాషా చేత మైకులో మంచి మాట అనిపించుకున్న కబడ్డీ జట్టు ఈ ఆరేళ్ళలో ఒక్కటీ లేదు. పెళ్ళికి మైకు సెట్టు కడితే పెళ్ళికొడుకును పొగుడుతాడు. ఎలక్షన్లొస్తే ఎవరు పిలిస్తే వాళ్ళను పొగుడుతాడు. కాలేజీ పిల్లల కబడ్డీకి మైకు పట్టి ఆట చెప్పేటప్పుడు మాత్రం ఆ నోటికి ఏదో తెగులు పడుతుంది. అందులోనూ ఒకటో నంబరు జట్టు కనబడిందంటే ఇక ఆయన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఏటా ఫిబ్రవరిలో కాలేజీల మధ్య పోటీలు జరుగుతాయి. దానికి వారం ముందు తర్లుపాడులో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టరు ప్రభుదాస్ పది జట్ల లిస్టు తయారుచేసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. గిద్దలూరు నుంచి పొదిలి దాకా కబడ్డీ పిచ్చి ఉన్నవాళ్ళందరూ ఆ గ్రూపులో ఉన్నారు. లిస్టు పడిన రోజు పొద్దున్నే బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర వలి బాషా కాచుకుని కూర్చుంటాడు. పాపం ప్రభుదాస్ కూడా సరిగ్గా అక్కడికే వస్తాడు, తిట్లు తినందే ఆయనకూ పొద్దు గడవదు. పోయినేడూ అదే జరిగింది.

“ఏంది సార్ ఈ లిస్టు? ఒకటో నంబరంట. యాడ గెలిచినారు, ఎవురి మీద గెలిచినారు?”

“స్టేట్ ఆడినోళ్ళు ముగ్గురుండారు బాషా ఆ జట్టులో.”

“ఆడినారా, బెంచీ మీద కూచోని మిక్చర్ తిన్నారా? రెండు రౌండ్లు బై, ఆడకుండానే పైకొచ్చినారు. మూడో రౌండులో సగం మంది జరంతో పండుకున్న జట్టు. ఆడాడ గెలిచి సెమీస్‌కొస్తే పేపర్లో ఫోటో. ఏ చెట్టూ లేనికాడ ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు. మా కొమరోలు పిల్లోళ్ళు రాళ్ళ నేల మీద మోకాళ్ళు చెక్కుకోని అయిదు మ్యాచ్‌లు గెలిస్తే తొమ్మిదో నంబరిచ్చినావు. వాళ్ళు మ్యాటు మీద నడుచుకుంటా వచ్చినారని ఒకటో నంబరు. పేరు గొప్ప ఊరు దిబ్బ సార్ నీ లిస్టు.”

“సరే, పోయినేడు ఆ కొమరోలునే ఒకటో నంబర్లో పెడితిని గదా. అప్పుడు వాళ్ళనూ మైకులో దులిపినావు. గొర్రెల మందన్నావు.”

“ఒకటో నంబరుకెక్కినోడు ఎవురైనా అనిపించుకోవాల్సిందే,” అని వలి బాషా గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు.

టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు. ఎప్పుడూ నవ్వుతారు. ఓర్వలేనితనమని కొందరు, వయసు పైబడిన చాదస్తమని కొందరు సరిపెట్టుకున్నారు. పదో నంబరు జట్టును పల్లెత్తు మాట అనని మనిషి, ఒకటో నంబరు వాళ్ళనే ఎందుకు ఆడిపోసుకుంటాడని ఎవరికీ అనుమానం రాలేదు. ఆ సంగతి ఆయన భార్య ఖాతూన్‌బీకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒకప్పుడు వలి బాషా ఇట్లా ఉండేవాడు కాదు. పొగడ్తలో ఆయన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆరేళ్ళ కిందట గిద్దలూరులో ఒక చిన్న కాలేజీ జట్టులో వినయ్ కుమార్ అనే కుర్రాడు తేలాడు. గొర్లు కాసుకునే ఇంటి పిల్లవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. వాడు కూతకు వెళ్తే అవతలి ఏడుగురూ వెనక గీతకు అతుక్కుపోయేవాళ్ళు. వలి బాషాకు వాడంటే ప్రాణం. ఊరూరా మైకులో వాడి పేరే. ఆ ఏడు ప్రభుదాస్ ఆ జట్టును ఆరో నంబర్లో పెడితే, ఇంటికి వెళ్ళి పోట్లాడి, పట్టుబట్టి ఒకటో నంబరు చేయించాడు. ఆ ఒకటో నంబరు ప్రభుదాస్ ఇచ్చింది కాదు, వలి బాషా ఇప్పించింది.

ఫైనల్ రోజు పొద్దున్నే వినయ్ మైకు బల్ల దగ్గరికి వచ్చాడు.

“మామా, ఒంట్లో ఏందో బాగలేదు ఈ రోజు.”

“పులికి జరమొస్తాదారా? పో, పోయి వామప్ చేసుకో. ఊరంతా నీకోసమే వచ్చింది,” అని వలి బాషా వాడి వీపు మీద చరిచాడు. వెంటనే మైకు తీసుకుని, “ఒకటో నంబరు జట్టు, ఒకటో నంబరు ఆటగాడు, మన వినయ్ కుమార్,” అన్నాడు. మైదానమంతా ఈలలు. వినయ్ ఇంకేదో అనబోయి, ఈలల వైపు చూసి, నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ రోజు వలి బాషాకు ఇంకో సరదా పుట్టింది. కూత జనానికంతా వినబడాలని వైరు లేని మైకు ఒకటి గీత పక్కనే పెట్టించాడు. రెండో సగంలో వినయ్ కూతకు వెళ్ళాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని నాలుగు హారన్లలోంచి వాడి ఊపిరి మైదానమంతా వినబడింది. మధ్యలో ఆగిపోయింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తగల్లేదు. వాడు గీతకు రెండడుగుల అవతల మోకాళ్ళ మీద కూలబడి, ముందుకు వాలిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఎవరో ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది: “ఆ మైకాయన నోరు తగిలింది బిడ్డకు. నరుడి కంటికి నల్లరాయైనా పగుల్తాది.” ఆ మాట వలి బాషా చెవిన పడింది. పడింది పడ్డట్టే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయనకు నిద్ర లేదు. మైకు సెట్టు ఆన్ చేస్తే మాట కంటే ముందు హారన్లో సన్నగా ఒక బుస వినిపిస్తుంది. అందరికీ అది కరెంటు చప్పుడు. ఆయనకు మాత్రం ఎవరో ఊపిరి బిగబట్టుకుని కూత కోసం నిలబడినట్టు వినిపిస్తుంది. పెళ్ళిళ్ళలో సన్నాయి మధ్యలోనూ వినిపించింది. మసీదులో హారన్లు బిగించడానికి పోయి, స్విచ్ వేసి, ఆ బుస విని మెట్ల మీద కూర్చుండిపోయాడొకసారి. ఖాతూన్‌బీ నజర్ తీసింది, మిరపకాయలు కాల్చింది, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఏదీ పనిచేయలేదు.

చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టుకున్నాడు. చంటిబిడ్డ బుగ్గకు కాటుక చుక్క పెడతారు గదా, బిడ్డ మరీ ముద్దొచ్చి ఎవరి కన్నూ పడకుండా. ఒకటో నంబరు జట్టుకు తన తిట్టే ఆ చుక్క అనుకున్నాడు. వెయ్యిమంది పొగిడినా తానొక్కడు తిడితే పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారు. ఆరేళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు. కాబట్టి ఆయన లెక్కన అది నిజమే. జనం నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

ఈ ఏడు లిస్టులో ఆడపిల్లల జట్లకూ నంబర్లిచ్చాడు ప్రభుదాస్. ఒకటో నంబరు గిద్దలూరు కాలేజీ. దాని కెప్టెన్ మల్లి, వినయ్ చెల్లెలు.

ఆ పేరు ఫోన్లో చూసిన వలి బాషా టీ కొట్టుకు కూడా పోలేదు. తన మైకుల దుకాణంలోనే కూర్చుని గ్రూపులో తిట్లు మొదలుపెట్టాడు. ఆ పిల్లకు కాలు కదలదన్నాడు, అన్న పేరు చెప్పుకుని ఆడుతోందన్నాడు, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదేనన్నాడు. జన్మలో ఎవరినీ అంతగా తిట్టలేదు. ప్రభుదాస్ నొచ్చుకుని, “చాలు బాషా, ఆడపిల్ల,” అని రాశాడు. ఈయన ఆపలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మల్లి తానే దుకాణానికి వచ్చింది. కాలేజీ బ్యాగుతో గుమ్మంలో నిలబడింది. అన్న పోలికే, అదే పొడుగు, అదే నవ్వు. వలి బాషా తల ఎత్తకుండా వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

“మామా, నేనేం తప్పు చేసినా?”

“తప్పేముంది. ఆట గురించి రాసినా.”

“నా ఆట నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు గదా.”

మల్లి అక్కడే ఉన్న హారన్ డబ్బా మీద కూర్చుంది.

“మా అన్నను నువ్వు పొగుడుతుంటే నేను మా అమ్మ కొంగు పట్టుకోని విన్నా. అప్పుడు నాకు పదమూడేండ్లు. మామ నోట నా పేరూ రావాలని ఆట నేర్చుకున్నా. నంబర్లేం వద్దు మామా నాకు. పొగడొద్దు. ఫైనల్లో నేను కూతకు పోయేటప్పుడు నా పేరు ఒక్కసారి పలుకు, సాలు.”

“చూద్దాం పో,” అన్నాడు వలి బాషా. ఆ పిల్ల వెళ్ళిపోయాక చేతిలో వైరు పక్కన పడేశాడు. తన నోట ఆ పేరు రావాలి. అంతకంటే భయం ఆయనకు ఇంకొకటి లేదు.

ఆడపిల్లల జట్టు ఒక్కో మ్యాచ్ గెలుచుకుంటూ వచ్చింది. వలి బాషా మైకులో మిగతా ఆటగాళ్ళ పేర్లన్నీ చెప్పాడు, మల్లి కూతకు వెళ్ళినప్పుడు మాత్రం “గిద్దలూరు, ఏడో నంబరు బనీను” అని సరిపెట్టాడు. ఫైనల్ రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఆట. దానికి పది నిమిషాల ముందు ఒకామె జనాన్ని తోసుకుంటూ మైకు బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. పోలమ్మ, వినయ్ తల్లి. ఆరేళ్ళుగా ఈమె ఎదురైతే చాలు, వలి బాషా వీధి మారేవాడు. ఇక తప్పించుకునే దారి లేదు. కూతురిని తిట్టినందుకు దుమ్మెత్తి పోస్తుందని ఆయన లేచి నిలబడ్డాడు.

“కూచో అన్నా,” అని ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. గొంతు తగ్గించి అంది: “దాన్ని ఇంకొంచెం తిట్టు. నా మాట ఇంటల్లేదు. నువ్వు తిడితే సిగ్గుపడి మానుకుంటాదేమో.”

“పోలమ్మా, నా నోరే తగిలిందని...”

“నీ నోటికి అంత బలం యాడిదన్నా,” అంది పోలమ్మ. “వాడి గుండెలో తేడా ఉండాదని కర్నూల్లో డాక్టరు చెప్పినాడు. ఆడొద్దన్నాడు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగమొస్తాదని ఎవురికీ చెప్పలా నేను. ఫైనల్ పొద్దున ఫోన్ చేసి, రొమ్ములో పట్టేసినట్టు ఉండాది మా అన్నాడు. కోచ్‌కు చెప్పేదానికి నాకు మొగం చెల్లలా. మైకు మామకు చెప్పు, ఆయనకు నువ్వంటే ఇష్టం, ఆయన ఆపిస్తాడు అని చెప్పినా. చెప్పలేదా నీకు?”

“చెప్పినాడు,” అన్నాడు.

“అందరూ నీ దిష్టి అంటే నేనూ ఊఁ అన్నా. అట్ల అనుకుంటే పండుకోగలిగినా. నీకు పాపం మూటగట్టి నేను పండుకున్నా అన్నా.”

ఆమె మీద కోపం రావాలి ఆయనకు, వచ్చింది కూడా. కానీ అది నిలబడలేదు. దిష్టి అనుకున్నన్నాళ్ళూ అదేదో తన చేతుల్లో లేని సంగతి. ఇప్పుడు తెలిసింది చాలా చిన్నది, ఎవరైనా చేయగలిగింది. పిల్లవాడు సాయం అడగడానికి వచ్చాడు. ఏమైందిరా అని ఒక్క మాట తాను అడగలేదు.

“మల్లిని చూపించినావా డాక్టరుకు?”

“రెండుసార్లు. బాగుండాదనే చెప్పినారు. నమ్మకం కుదరల్లేదు నాకు.”

వలి బాషా మైకు బల్ల మీద పెట్టి లేచాడు. ఆట మొదలవడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. గీతల పక్కనుంచి నేరుగా గిద్దలూరు జట్టు దగ్గరికి నడిచాడు. జనం చూస్తున్నారు. తిట్టడానికే పోతున్నాడనుకుని ప్రభుదాస్ కూడా గబగబా వెనక వచ్చాడు. మల్లి మోకాలికి పట్టీ కట్టుకుంటోంది.

“ఒంట్లో ఎట్లుండాది అమ్మా? నిజం చెప్పు. బాగలేకపోతే నేనే ఆపిస్తా, ఎవురేమన్నా సరే.”

మల్లి ఆయన మొహంలోకి చూసింది.

“బాగానే ఉండా మామా. ఊపిరి బాగాడతాంది, కాళ్ళు బాగుండాయి. నువ్వెట్ల ఉండావు?”

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, తిరిగి బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. టాస్ గెలిచి గిద్దలూరు కూత తీసుకుంది. మల్లి గీత దగ్గరికి వచ్చి నిలబడి, బల్ల వైపు ఒకసారి చూసింది. వలి బాషా మైకు అందుకున్నాడు. పోలమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపింది. ఆయన ఆగలేదు.

“గిద్దలూరు కెప్టెన్, మల్లి,” అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు.

ఆ పిల్ల గీత దాటింది. కూత సన్నగా, తెగకుండా సాగింది. పోలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆమె వేళ్ళు ఆయన చేతిలో గుచ్చుకున్నాయి. అవతలి వాళ్ళు ముగ్గురు ఒక్కసారి మీదికొచ్చారు. మల్లి వంగి, ఒకరిని తాకి, తప్పించుకుని, వెనక్కి దూకి గీత మీద పడి, లేచి మట్టి దులుపుకుంది. మైదానం హోరెత్తింది.

“వచ్చిందా?” అంది పోలమ్మ, కళ్ళు తెరవకుండా.

“వచ్చిందమ్మా.”

“అయిపోయిందా మరి?”

వలి బాషా గడియారం చూశాడు. “లేదమ్మా,” అన్నాడు, “ఇంకా అరగంట ఆట ఉండాది.”

పోలమ్మ కళ్ళు తెరవలేదు. ఆయనా చెయ్యి విడిపించుకోలేదు.