నెద్యాల్కో గొంతుతో వచ్చే ఫోను

మా ఊరి బడిలో లెక్కలు చెప్పే జ్లాతినా కుదురైన మనిషి. ఎవరి జోలికీ పోదు. ఆ ఏడు వసంతంలో ఆమె పక్కింటి నెద్యాల్కో తేనెటీగలన్నీ చచ్చిపోయాయి. ఆవచేలకు పురుగుమందు కొడుతున్నామని రైతులు ఊరి ఆఫీసుకు ముందే చెప్పారు. ఆఫీసువాళ్లు ఆ కబురు ఇంటర్నెట్లో పెట్టి ఊరుకున్నారు. నెద్యాల్కో దగ్గరున్నది పాత మీటల ఫోను.

చచ్చిన ఈగల్ని ఆయన చీపురుతో ఊడుస్తుంటే జ్లాతినా గోడ మీంచి చూసింది.

"ఒక్క ఫోను కొట్టినా ఈగల పెట్టెలు మూసుకునేవాణ్ణి కదమ్మా," అన్నాడు.

ఆ మాట ఆమెను వదల్లేదు. వేసవి సెలవుల్లో కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాంలు రాయడం నేర్చుకుంది. క్లౌడ్ సేవలిచ్చే ఒక కంపెనీ దగ్గర ఫోన్ నంబరు అద్దెకు తీసుకుని చిన్న ప్రోగ్రాం రాసింది. ఏ చేనుకు, ఏ రోజు మందు కొడతాడో రైతు అందులో నింపితే చాలు, తేనెటీగలు పెంచేవాళ్లందరికీ కంప్యూటరే ఫోన్ చేసి చెబుతుంది. విన్నవాళ్లు ఒకటి నొక్కాలి. నొక్కకపోతే మళ్లీ చేస్తుంది. అప్పటికీ నొక్కకపోతే జ్లాతినాకు చేస్తుంది.

పరీక్షించిన రోజు దాదాపు అందరూ మధ్యలోనే ఫోను పెట్టేశారు. ముసలివాళ్లను ఫోన్లో మోసం చేసే ముఠాలు తిరుగుతున్న రోజులవి. వీధి చివర తేనెటీగలు పెంచే స్తామెన్, రొట్టెల కొట్టు దగ్గర ఆమెను నిలదీశాడు.

"ఎవత్తో ఇనపగొంతుది ఒకటి నొక్కమంటోంది. నొక్కితే ఇల్లు రాయించుకుంటుందేమో, నాకేం తెలుసు?"

జ్లాతినా నేరుగా నెద్యాల్కో ఇంటికెళ్లింది.

"బాబాయ్, నీ గొంతు కావాలి."

"నా గొంతా? పొగాకుతో ఎప్పుడో పాడైంది. కోళ్లు కూడా బెదురుతాయి."

"అందుకేగా, అందరూ గుర్తుపడతారు."

వంటింటి కిటికీలు మూసి కూర్చున్నారు. రోజుల పేర్లు, చేల పేర్లు విడివిడిగా చెప్పించింది. వాటిని ప్రోగ్రాం కలిపి అతికిస్తుంది. చివర ఒక్క మాట ఆయనే చేర్చాడు: "నావి పోయాయి. మీవి పోనివ్వకండి." అది చెప్పాక రాకియా సారా గ్లాసు పక్కకు జరిపి, లేచి కిటికీలు తెరిచాడు.

మరుసటి వసంతంలో మొదటి నిజమైన ఫోన్లు వెళ్లాయి. స్తామెన్ తప్ప అందరూ ఒకటి నొక్కారు. కాసేపటికి జ్లాతినా ఫోను మోగింది. సైకిలెక్కి వెళ్లేసరికి స్తామెన్ తన పెరట్లో నిలబడి ఫోనును తిడుతున్నాడు.

"చూడమ్మాయ్, మళ్లీ మళ్లీ చేస్తాడు. సరేలే, వచ్చి ఒక చుక్క తాగిపోరా అంటే పలకడు. చెప్పిందే చెబుతాడు. పొగరెక్కింది వీడికి."

"అది రికార్డు చేసిన గొంతు, బాబాయ్. ఇంతకీ పెట్టెలు మూశావా?"

"నెద్యాల్కో చెప్పాక మూయనా?"

ఆమెకు నవ్వాగలేదు.

ఆ ఏడు మా ఊళ్లో ఎవరి ఈగలూ చావలేదు. ఎండలు ముదిరాక స్తామెన్ తన పెట్టెలోంచి లేచిన కొత్త గుంపును పట్టి తెచ్చి, నెద్యాల్కో ఖాళీ పెట్టెలో దించాడు. ఇద్దరూ దాని పక్కనే కూర్చుని సాయంత్రందాకా పోట్లాడుకున్నారు. ఇప్పుడు పక్క ఊరివాళ్లూ ఈ ఫోను తమకూ కావాలంటున్నారు. వాళ్ల చేల పేర్లకు నోరు తిరగడం లేదని నెద్యాల్కో సణుగుతున్నాడు గానీ, జ్లాతినా రికార్డు చేయడానికి పిలిచినప్పుడల్లా గడ్డం గీసుకుని మరీ వెళుతున్నాడు.